మా సారుకు భాషలు వచ్చిన ఆదివారం

మా సార్ పోయాక పెట్టిన సంతాప సభలో నా చేతికి మైకు ఇచ్చి, రెండు నిమిషాల్లో ముగించమన్నారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి ఆగ్నేయాసియా చరిత్రకు సార్ చేసిన సేవను పొగుడుతూ, ఆగ్నేయాసియా ఎక్కడుందో చెప్పకుండానే అరగంట లాగించాడు. నాకు ఒళ్ళు మండింది. మిగిలిన రెండు నిమిషాల్లో ఏం చెప్తాను? నమస్కారం పెట్టి దిగిపోయాను. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఏడుపు రాతలు నాకు చేతకావు. సారును తలుచుకుంటే నాకు మొదట వచ్చేది ఏడుపు కాదు, హమ్మయ్య అనే మాట. అది ఎందుకో చెప్తాను.

సార్‌ది అర్ధవీడు వైపు పల్లె. కూలినాలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. ఊహ తెలిసేలోపే తల్లి పోతే అక్క పెంచింది. ఆ అక్కకూ చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. వానలు పడిన ఏళ్ళలో ఊళ్ళో కంది కోసింది, మేకలు కాసింది. పడని ఏళ్ళలో మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీల్లో చట్రాలు బిగించింది. తమ్ముణ్ణి మిషన్ హాస్టల్లో వేసి చదివించింది. ఆ తమ్ముడే చదివి చదివి యూనివర్సిటీలో ఆగ్నేయాసియా చరిత్ర చెప్పే ప్రొఫెసర్ అయ్యారు. వయసులో ఉన్నప్పుడు పరిశోధన కోసం ఇండోనేషియా పోయి జావా దీవిలో కొన్నేళ్ళు ఉన్నారు. మనకు కంభం, గిద్దలూరు ఎంతో ఆయనకు బర్మా, సయాం, బాలి అంత. ఊరివాళ్ళకు మాత్రం సముద్రం దాటితే ఉండేది ఒకటే ఊరు, రంగూన్. అందుకని 'రంగూన్ సారు' అన్నారు. నేను రంగూన్‌లో ఉండలేదప్పా అని ఆయన కొంతకాలం చెప్పి చూసి, తర్వాత ఆ పేరుకే పలకడం మొదలుపెట్టారు.

మాది మార్కాపురం. నాయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. నేను ఎం.ఏ. చరిత్రలో చేరతానంటే నాయన త్రాసు పక్కన పెట్టి, చరిత్ర చదివి ఏం అమ్ముతావమ్మా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. చేరాక చెప్తానన్నాను. యూనివర్సిటీకి పోయిన మొదటి వారంలో ఒక ప్రొఫెసర్ బోర్డు మీద దీవులు గీస్తూ 'ఈడ చూడండి, అట్ల పోతే సుమత్రా' అంటుంటే వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా వైపు మాట! అంత చదువు చదివిన మనిషి ఆ యాసను విడిచిపెట్టలేదు. విడిచిపెట్టాల్సిన అవసరం కనపడలేదని తర్వాత ఒకసారి చెప్పారు.

సార్‌ది ఒక పట్టు ఉండేది. ఫలానా రాజు గుడి కట్టించి వెయ్యిమందికి అన్నం పెట్టాడు అని శాసనంలో ఉంటే మేమంతా రాజు పేరు రాసుకునేవాళ్ళం. సార్ ఊరుకునేవారు కాదు. ఎవరు వండినారు? కట్టెలు ఎవరు మోసినారు? అంత బియ్యం ఏ ఊరి నుంచి తెచ్చినారు, ఆ ఊరోళ్ళు ఆ పూట ఏం తిన్నారు? ఇవీ ఆయన ప్రశ్నలు. జవాబు దొరకకపోయినా అడగాల్సిందే. ఇంకో పట్టు, ఏ దేశం చరిత్ర చదివితే ఆ దేశం మాట ఎంతో కొంత రావాలి. మమ్మల్ని కూర్చోబెట్టి ఇండోనేషియా మాటలు వల్లె వేయించేవారు. నాకు అంతంతమాత్రంగా వచ్చింది. సంతలో నిలబడి కొత్తిమీర బేరం చేసుకోగలను, అంతే. దీనివల్ల ఏం ఉపయోగం సార్ అని అడిగితే, ఉపయోగం పడే రోజు అదే వస్తుంది, రాకపోతే నష్టం ఏముందన్నారు.

ఆయన రిటైరైనప్పుడు మార్కాపురంలో వర్తకులంతా కలిసి సన్మానం చేశారు. శాలువా కప్పిన అధ్యక్షుడు ఉత్సాహం పట్టలేక, మన తెలుగు రాజులు ఓడలెక్కి పోయి ఆ దేశాలన్నీ జయించి, అక్కడి అనాగరికులకు నాగరికత నేర్పారని గర్జించాడు. చప్పట్లు మారుమోగాయి. సార్ ముఖం మాత్రం మాడిపోయింది. ఆయన శాలువా సర్దుకుని లేచి, ఎవరూ ఎవరినీ జయించలేదు, చిన్నా పెద్దా షావుకార్లు సరుకు అమ్ముకోను పోయినారు, కొనేవాడికి నచ్చింది కొన్నాడు, నచ్చనిది తిరగ్గొట్టినాడు, మన దేవుళ్ళనూ మన అక్షరాలనూ గూడా వాళ్ళు బేరమాడే తీసుకున్నారు అన్నారు. సభ చల్లబడిపోయింది. ముందు వరసలో మా నాయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఇంటికి వచ్చాక అమ్మతో, ఆయనకు వ్యాపారం తెలుసు అన్నాడు. మా ఇంట్లో ఒక మనిషికి దొరికే బిరుదుల్లో దాన్ని మించినది లేదు.

రిటైరయ్యాక సార్ సొంత పల్లెకు పోతారని అక్క ఎదురుచూసింది. తమ్ముడి కోసం ఇంటి పక్కన రేకుల కప్పుతో ఒక గది కూడా వేయించింది. ఆయన పోలేదు. మార్కాపురంలో పై అంతస్తు అద్దెకు తీసుకున్నారు. పల్లెలో పుస్తకాలకు చెదలు పడతాయి, కరెంటు ఉంటే ఉంటుంది లేకుంటే లేదు, నీళ్ళకు కష్టం అన్నారు. అన్నీ నిజాలే. ఆదివారాలు పోయి కనపడి వచ్చేవారు. అప్పటికి నేను గిద్దలూరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. సారుతో పాటు ఒకసారి ఆ ఊరు పోయినప్పుడు, ఆయన పెరట్లో ఉండగా అక్క నాతో, 'సదువుకని పోయి దూరమైనాడు. దేశం పోయి దూరమైనాడు. ఇప్పుడు సూడు, ఒక్క బస్సెక్కితే వచ్చే దూరంలో ఉండి దూరమైనాడు' అంది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను మొదట్లో అమ్మా అనీ, మా ఇంటి అన్నం ఆమె, ఆమె ఇంటి సంకటి నేను తిన్నాక పాపా అనీ పిలిచింది.

తర్వాతి వేసవిలో సారుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఒంగోలు ఆసుపత్రిలో పెట్టి, ప్రాణానికి భయం లేదని మార్కాపురం ఇంటికి పంపారు. అక్క మేకల్ని పక్కింటికి అప్పగించి, ఇంటికి తాళం వేసి వచ్చేసింది. ఎడమ చెయ్యి కదులుతోంది, మింగుతున్నారు, కళ్ళు తెరిచి మనుషుల్ని చూస్తున్నారు. మాట మాత్రం లేదు. ఆ చూపులో గుర్తుపట్టడం ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. అక్క ప్రార్థన ఒక్కటే. 'అక్కా అని ఒక్కసారి పిలిస్తే సాలు. ఆ తర్వాత దేవుడు ఎట్ల జేసినా సరే.' నాకు పరీక్షల డ్యూటీ పడి గిద్దలూరు వదిలి కదలలేకపోయాను. రోజూ ఫోన్ చేసేదాన్ని. ఆమె రోజూ అదే చెప్పేది, సూస్తాండాడు పాపా, పలకలా అని.

ఒక ఆదివారం ఆరాధన కాగానే పల్లె నుంచి చర్చి సంఘస్థులు అయ్యగారితో కలిసి జీపులో ప్రార్థన చేయడానికి వచ్చారు. అయ్యగారంటే వాళ్ళ పాస్టరు. గదినిండా జనం. వడగాడ్పు కొడుతోందని కిటికీలు మూశారు. పాట ఎత్తుకున్నారు. పాట సగంలో ఉండగా సార్ నోరు తెరిచారు. అప్పటిదాకా మూలుగు కూడా లేని మనిషి గలగలా మాట్లాడారు. ఒక్క మాట కూడా తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు.

ఇక్కడ మీకు ఒక సంగతి తెలియాలి. ఆ పల్లెలో ఉన్నది పాతకాలపు సంఘం, నెమ్మదైన సంఘం. పక్క ఊళ్ళో కొత్తగా వెలిసిన సంఘంలో మాత్రం ప్రార్థన వేడెక్కితే మనుషులకు తెలియని భాషలు వస్తాయి. దేవుడి ఆత్మ దిగితే అట్లా పరభాషలు మాట్లాడతారని నమ్మకం. వాళ్ళకు వస్తున్నాయి, మనకు రావడం లేదు, మన భక్తిలో ఏం లోటు ఉందని వీళ్ళకు ఎప్పటినుంచో లోపల ఒక ముల్లు. అలాంటిది మన ప్రార్థనలో, మన మనిషికి, అందులోనూ మాట పడిపోయిన మనిషికి భాషలు వచ్చాయి! స్తోత్రాలతో మేడ దద్దరిల్లిందని ఇంటి ఓనరమ్మ నాకు తర్వాత చెప్పింది. చుట్టుపక్కల ఊళ్ళకు సాయంత్రానికే కబురు పాకింది. పుల్లలచెరువు నుంచి కూడా జనం నూనె సీసాలు పట్టుకుని, ఆయన చెయ్యి తగిలిస్తే చాలని వచ్చారు.

నేను డ్యూటీ ముగించుకుని ఆ వారం మధ్యలో బస్సు దిగి పోయేసరికి మెట్ల మీద చెప్పులకే చోటు లేదు. లోపల ఉక్క. కిటికీలు మూసే ఉన్నాయి. ఫ్యాను గాలికి పాటల పుస్తకాల కాగితాలు ఎగురుతున్నాయని దాన్ని కూడా ఆపేశారు. సార్ దిండుకు ఆనుకుని చెమటతో తడిసి ముద్దయి కూర్చున్నారు. ఎడమ చెయ్యి గాల్లో ఆడిస్తూ ఏదో అంటున్నారు. ఒక పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఆయన అన్న మాటే తిరిగి అంటోంది. 'పనస్, పనస్.'

నేను ద్వారం దగ్గరే నిలబడిపోయాను. ఆ మాట నాకు తెలుసు. పనస్ అంటే వేడి. ఆ వెంట కిపస్, జెందెలా అని కూడా అన్నారు. కిపస్ అంటే ఫ్యాను. జెందెలా అంటే కిటికీ. ఉడికిపోతున్నాను, ఫ్యాను వేయండి, కిటికీ తెరవండి అని మా సార్ ఆదివారం నుంచీ స్వచ్ఛమైన ఇండోనేషియా భాషలో మొత్తుకుంటున్నారు. జనం స్తోత్రం అంటున్నారు.

నాకు నవ్వు ఆగలేదు. అంత భక్తి మధ్య నవ్వడం తప్పేనేమో గానీ అది వెటకారం నవ్వు కాదు, ప్రాణం కుదుటపడిన నవ్వు. ఫోన్లో పలకలా, పలకలా అని విని విని, మా సార్ లోపల ఇక ఎవరూ లేరేమోనని భయపడుతూ వచ్చాను. ఉన్నారు. పైగా చిరాకు పడుతున్నారు. జనాన్ని తొక్కుకుంటూ పోయి కిటికీలు బార్లా తెరిచాను, ఫ్యాను వేశాను. ఆయన గాలికి ముఖం ఇచ్చి కళ్ళు మూసుకున్నారు. తర్వాత కళ్ళు తెరిచి నావైపు చూసి, 'తెరిమ కాసి' అన్నారు. ధన్యవాదాలు అని.

అక్క ఇదంతా చూసింది. నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు వేసింది.

'నిజం చెప్పు పాపా. ఇది దేవుడి పనా, బుర్ర పోయిందా?'

'రెండూ కాదు పెద్దమ్మా. అది జావా మాట. ఆయన వయసులో ఉన్నప్పుడు మాట్లాడిన మాట. ఉక్క పోస్తాంది, ఫ్యాను ఎయ్యండి అంటాండారు.'

'అయితే బుర్ర ఉండాదా?'

'ఉండాది.'

ఆమె గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. ముఖం చేతుల్లో పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే నవ్వుతోంది. మా ఇద్దరికీ అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. బయట పాట సాగుతూనే ఉంది.

ఒంగోలు డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అనేక భాషలు వచ్చినవాళ్ళకు ఒక్కోసారి ఒక భాష ముందు, ఒకటి తర్వాత తిరిగొస్తాయట. పుట్టినప్పటి భాషే ముందు రావాలని లేదు. అర్థం చేసుకునే శక్తి చెడలేదు కాబట్టి దిగులు వద్దు, వచ్చిన భాషలోనే మాట్లాడిస్తూ ఉండండి అన్నాడు. అయ్యగారికి చెప్పడమే కష్టమనుకున్నాను. ఆయన బక్కపల్చని మనిషి, తొందర లేని మనిషి. మెట్ల మీద నా పక్కన కూర్చుని మొత్తం విన్నారు. కాసేపు పంచె అంచు సర్దుకున్నారు. భాష మాట్లాడేవాడు ఉన్నప్పుడు అర్థం చెప్పేవాడు కూడా ఉండాలని మా పెద్దలు చెప్పేవాళ్ళు, నేనే తొందరపడినాను అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, 'దేవుడిచ్చింది కాదని మాత్రం నేను అననమ్మా. ఆయన సదువు గూడా దేవుడిచ్చిందే గదా. ఫ్యాను సంగతి ముందే తెలిసుంటే బాగుండు' అన్నారు. లోపలికి పోయి, సారుకు విశ్రాంతి కావాలని చెప్పి జనాన్ని పంపించారు. నూనె సీసాలు తెచ్చినవాళ్ళకు తనే ప్రార్థన చేసి ఇచ్చారు. పక్క ఊరి సంఘానికి ఏం చెప్పుకోవాలో తెలియక కొందరు కొన్నాళ్ళు నామీద కోపంగా ఉన్నారు. ఉండనీ.

నాకు కాలేజీ సెలవులు వచ్చాయి. మార్కాపురంలోనే ఉండి రోజూ పోయేదాన్ని. అక్కకు కొన్ని మాటలు నేర్పాను. నీళ్ళు అంటే ఆయర్, అన్నం అంటే నాసి, నొప్పి అంటే సాకిత్. ఆమె నాలుగు రోజుల్లో పట్టేసింది, నాకు రెండు సెమిస్టర్లు పట్టింది. మార్కాపురం నడిబొడ్డున మేడ మీద ఒక డెబ్బై దాటిన అర్ధవీడు ముసలమ్మ, చెంబు ముందు పెట్టి 'ఆయరా?' అని అడుగుతుంటే, ప్రొఫెసర్ గారు తల ఊపుతుంటే, ఓనరమ్మ గుమ్మంలో నిలబడి చూసి పోయేది. నాయనకు ఈ సంగతి చెప్పాను. చదువు ఎట్లా అమ్ముడుపోయిందో చూడమన్నాను. నాయన తల పంకించి, మంచి రేటుకే పోయింది అన్నాడు.

ముందే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. సారుకు తెలుగు తిరిగి వచ్చింది. ఆ ఏడు వానలు పడకముందే వచ్చింది. మొదట తిట్లు వచ్చాయి, తర్వాత మిగతావి వచ్చాయి. ఆ తర్వాత ఆయన బతికిన ఏళ్ళు కడుపునిండా మాట్లాడే బతికారు. కాబట్టి మాట సంగతికి ఇక దిగులు పడకండి. దిగులు పడాల్సింది ఇంకొకటి వచ్చింది.

తెలుగు ఇంకా రాకముందే సార్ రోజూ సాయంత్రం ఎండ తగ్గే వేళకు ఒక మాట అనడం మొదలుపెట్టారు. 'పులాంగ్.' చేత్తో గుమ్మం వైపు చూపించి మళ్ళీ అదే మాట. ఏమంటాండాడని అక్క అడిగింది. ఇంటికి పోవాలంటున్నారని చెప్పాను. ఇల్లే గదా ఇది అంది ఆమె. చెప్పింది ఆయనకు కూడా, ఇల్లేరా ఇది అని. ఆయన తల అడ్డంగా ఊపారు. మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. అడిగిన మాటకు ఎవరూ కదలకపోతే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు.

అక్క అన్నం సరిగా తినడం మానేసింది. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ చెప్పింది. తమ్ముడు జావాలో ఉన్న ఏళ్ళలో ఊళ్ళో ఒక పుకారు ఉండేదట. అక్కడ పెళ్ళి చేసుకున్నాడనీ, అందుకే ఉత్తరాలు రావడం లేదనీ. ఆయన తిరిగొచ్చాక ఎన్ని సంబంధాలు తెచ్చినా వద్దన్నారు. ఎందుకు వద్దంటున్నావని ఆమె ఏనాడూ అడగలేదు. అడిగితే ఉన్నది కూడా ఊడిపోతుందేమోనని భయం. ఇప్పుడు ఆ భాషలో, ఆ భాషలోనే, ఇంటికి పోవాలంటున్నాడు. బుర్ర పోయిందేమో అన్న భయం తీరింది గానీ, ఇన్నేళ్ళూ తమ్ముడు తన దగ్గర చుట్టంలాగా ఉన్నాడేమో అన్న భయం వచ్చి కూర్చుంది.

'అడుగు పాపా. ఈయప్ప ఇల్లు యాడుందో అడుగు. ఆడ ఎవురన్నా ఉంటే పిలిపిద్దాం. రాలేకపోతే ఈయప్పనే పంపిద్దాం. నేనేమీ అనుకోను' అంది. చేతుల్లో బియ్యం అట్లాగే ఉన్నాయి.

నాకు ఆ పని అస్సలు ఇష్టం లేదు. లోకంలో పాడు పని ఏదంటే ఇద్దరి మధ్య నిలబడి మాట మోసే పని. వినకూడనిది విన్నా చెప్పి తీరాలి. రెండు రోజులు వాయిదా వేశాను. మూడో సాయంత్రం సార్ మళ్ళీ పులాంగ్ అనగానే, అక్క వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఇక తప్పలేదు. నా వచ్చీ రాని ఇండోనేషియాలో అడిగాను, ఇల్లు ఎక్కడుంది సార్ అని.

ఆయన ముఖం వెలిగింది. అప్పటిదాకా ఎవరూ అడగలేదు మరి. ఎడమ చెయ్యి ఆడిస్తూ, ఆగి ఆగి చెప్పసాగారు. నాకు అందిన మాట అందినట్టు తెలుగులో పెడుతూ వచ్చాను.

కొండ పక్కన ఉందంటున్నారు అన్నాను. అక్క 'ఊ' అంది. జావా నిండా కొండలేనని సార్ క్లాసులో చెప్పింది నాకు గుర్తుంది, అందుకే ఆమె ముఖం వైపు చూడలేదు.

మేకలున్నాయంట అన్నాను. ఊ అంది. మేకలు అక్కడా ఉంటాయి.

కొత్తగా ఒక గది వేశారంట అన్నాను. ఈసారి ఊ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్త ఇల్లు, కొత్త సంసారం, ఆమె ఏమనుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత సార్ ఏదో అన్నారు, నాకు అందలేదు. మళ్ళీ అడిగాను. ఆయన విసుగ్గా చేత్తో కిందికి, బాగా కిందికి చూపించి, మళ్ళీ చెప్పారు.

'బావి ఉందంట. దాంట్లో నీళ్ళు లేవంట' అన్నాను.

అక్క కొంగు తీసింది. నేను సార్ వైపు తిరిగాను. జావా గురించి ఆయన మాకు చెప్పిన మొదటి పాఠమే నీళ్ళ పాఠం. ఏడాదికి రెండు మూడు పంటలు, ఎక్కడ చూసినా పారే కాలువలు, మా వైపు వాళ్ళు చూస్తే కుళ్ళుకుంటారు అని. ఆ దేశంలో ఎండిన బావి నాకు తెలిసి లేదు. ఎవరి ఇల్లు సార్ అని అడిగాను.

'రుమా కాకక్' అన్నారు.

రుమా అంటే ఇల్లు. ఆ రెండో మాట నోట్లోనే పెట్టుకుని నేను కూర్చుండిపోయాను. అక్క నా ముఖమే చూస్తోంది. ఏం చూసిందో మరి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, దెబ్బ కాచుకునేదానిలా కూర్చుంది.

'చెప్పు పాపా. పర్లేదు. ఎవురంట ఆమె?'

'నువ్వే పెద్దమ్మా. మా అక్క ఇల్లు అంటాండారు. అక్క ఇంటికి పోదాం పదండి అంటాండారు.'

ఆమె నేల మీంచి మంచం అంచుకు మారింది. తమ్ముడి పనిచేయని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు దాన్ని నిమురుతూ కూర్చుంది. ఆయన ఆమె వైపు చూసి మళ్ళీ ఆ మాటే అన్నారు, పులాంగ్ అని, ఇప్పటికైనా తెలిసిందా అన్నట్టు.

ఆమె లేచి, దండెం మీది బట్టలు లాగి మూట కట్టడం మొదలుపెట్టింది.

'కారు మాట్లాడు పాపా' అంది.